మీరావలి నీళ్ళు, లాల్బీ మోటారు

మార్కాపురంలో తొమ్మిదేళ్ళపాటు ఎవరూ దిగని స్విమ్మింగ్ పూల్‌ను రోజూ తుడిచి, మందు వేసి, ఇప్పుడే ఎవరో దిగబోతున్నట్టు సిద్ధంగా ఉంచిన మనిషి ఒకడున్నాడు. పేరు మీరావలి. అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ ఊళ్ళో తలా ఒక ముక్క చెప్పుకుంటూ, చెప్పిన ప్రతి ముక్కా చెడగొడుతున్నారు. అతనికి క్లోరిన్ అమ్మేది నేను. ఆసిడ్ అమ్మేదీ నేనే. జీవితంలో మొదటిసారి అతను చాకలి సోడా కొన్నది కూడా నా దుకాణంలోనే. కాబట్టి అసలు సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మీరావలి సొంతూరు బేస్తవారిపేట పక్కన. ముప్పై ఏళ్ళు ఊరి నీళ్ళ ట్యాంకుల మీద పనిచేశాడు. తెల్లారకముందే నిచ్చెనెక్కి, బకెట్లో బ్లీచింగ్ కలిపి, ట్యాంకులో పోసి దిగేవాడు. ఆ ముప్పై ఏళ్ళలో అతని నాలుకకు ఒక విద్య పట్టుబడింది. నీళ్ళు రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. "ఉప్పు ఎక్కువ, మందు తక్కువ. ఇది వెలిగండ్ల రోడ్డు బోరు నీళ్ళు" అంటాడు. ట్యాంకరు డ్రైవర్ని అడిగితే అదే నిజం.

ఇంకో గుణం కూడా ఉంది. నీళ్ళ విషయంలో అతను అబద్ధం చెప్పడు. ఒకసారి మా బంధువుల పెళ్ళిలో గ్లాసు నోటిదాకా తీసుకుపోయి దించేసి, పెళ్ళికూతురి తండ్రితో, "ఈ నీళ్ళు పట్టి మూడు రోజులయినాయి, జనానికి పోయొద్దు" అని అందరూ వినేట్టు చెప్పాడు. ఆయన ముఖం చూడాలి. అప్పటినుంచి మీరావలిని పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పిలిచినవాళ్ళు కూడా, "భోజనం చేసి పో, నీళ్ళు మాత్రం ఇంటికి పోయి తాగు" అని చేతులు పట్టుకునేవారు.

రిటైరైన నెలకే చంద్రశేఖరరావు అతన్ని పనిలో పెట్టుకున్నాడు. చంద్రశేఖరరావుది బట్టల వ్యాపారం. గిద్దలూరు రోడ్డులో పెద్ద ఇల్లు. ఒక ఏడాది ఏ సరుకు తెచ్చినా అమ్ముడుపోక, వాస్తు చూసే లక్ష్మీనరసయ్య సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన ఇల్లంతా తిరిగి, ఈశాన్యం మూల నిలబడి నిట్టూర్చి, ఇక్కడ నీళ్ళు చాపలాగా పరుచుకుని ఉండాలన్నాడు. మూడు షరతులు పెట్టాడు. ఆ నీళ్ళు ఎప్పుడూ ఎండకూడదు. ఎప్పుడూ చెడకూడదు. ఎప్పుడూ కదలకుండా నిలవకూడదు.

మా వీధికి కుళాయి నీళ్ళు నాలుగు రోజులకొకసారి వస్తాయి. ఇలాంటి చోట చాపంత నీళ్ళు! ఇంకొకరైతే సిద్ధాంతికి దండం పెట్టి ఒక తొట్టి కట్టించుకునేవాళ్ళు. చంద్రశేఖరరావు కొడుకు కిషోర్ మాత్రం ఎగిరి గంతేసి, ఎట్లాగూ తవ్వుతున్నాం కదా, స్విమ్మింగ్ పూలే తవ్విద్దాం అన్నాడు. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. ఈ చివర మూడడుగుల లోతు, ఆ చివర ఐదు. నీలం టైల్స్, దిగడానికి మెట్లు, నీళ్ళలోపల లైట్లు. పన్నెండు ట్యాంకర్లు వచ్చి నింపిపోయాయి. కిషోర్ ఈత నిక్కరు కూడా కొనుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడు చంద్రశేఖరరావు తల్లి సుబ్బలక్ష్మమ్మ నాలుగో షరతు పెట్టింది. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట. "ఈశాన్యం నీళ్ళంటే లక్ష్మీదేవి. దాంట్లో కాలు పెడితే ఊరుకునేదే లేదు" అంది. అంతే. కిషోర్ నిక్కరుతో ఇప్పటికీ కారు తుడుస్తున్నారు.

ఇలా మీరావలికి ఒక విచిత్రమైన ఉద్యోగం దొరికింది. ఈత కొట్టేవాళ్ళు లేరు. చెమట లేదు, మురికి లేదు, సబ్బు లేదు. అయినా రోజూ పొద్దున చెప్పులు పది అడుగుల దూరంలో విడిచి వచ్చేవాడు. పొడుగు కర్రకు కట్టిన వలతో వేపాకులు తీసేవాడు. పలకల గనుల మీదుగా వచ్చే గాలికి సన్నటి నల్లదుమ్ము రోజూ అడుక్కు చేరేది. దాన్ని బ్రష్‌తో నెమ్మదిగా ఒక మూలకు తోసి పైపుతో లాగేవాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మోటారు వేసేవాడు. మోటారు నీళ్ళను లాగి, ఇసుక ఫిల్టర్లో వడకట్టి, మళ్ళీ పూల్‌లోకి తోసేది. చివరికి వంగి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, ఎంత క్లోరిన్ వేయాలో తేల్చేవాడు. కిషోర్ మద్రాసునుంచి తెప్పించిన పరీక్ష సీసాలు డబ్బాలోనే ఎండిపోయాయి.

ఆ పూల్‌లో మొట్టమొదట ఈదింది కోతులు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పదకొండు కోతులు గోడ దూకి వచ్చి, మెట్లమీదనుంచి పద్ధతిగా దిగి, గంటసేపు ఈదాయి. మీరావలి వల కర్ర పట్టుకుని పరిగెత్తాడు. సుబ్బలక్ష్మమ్మ అడ్డం వచ్చి, "ఆగు నాయనా, సాక్షాత్తూ ఆంజనేయస్వామి" అని చేతులు జోడించింది. అవి ఈదినంతసేపూ మీరావలి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోయాక మూడు రెట్లు క్లోరిన్ వేశాడు. కిషోర్ మూడు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు.

ఇక పసుపు సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి, ముందు పనికొస్తుంది. ప్రతి శుక్రవారం సుబ్బలక్ష్మమ్మ వెండి చెంబుతో పూల్ నీళ్ళు ముంచి, చిటికెడు పసుపు వేసేది. నీళ్ళు ఎర్రబడితే అమ్మవారు ప్రసన్నురాలైనట్టు. పసుపుగానే ఉంటే, ఏదో లోటు జరిగినట్టు. మీరావలికి ఇదే పరీక్ష. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూసిన ఎవరికైనా తెలుసు. పూల్ నీళ్ళకు పసుపు ఎర్రబడిందంటే వాటికి సున్నపు గుణం ఎక్కువైనట్టు. అలాంటి నీళ్ళలో క్లోరిన్ వేసినా పనిచేయదు. అప్పుడు ఆసిడ్ కొలిచి పోసేవాడు. వచ్చే శుక్రవారం చెంబులో నీళ్ళు పసుపుగానే ఉండేవి. ఆమె గొడవకు దిగేది.

"నువ్వు ఆ ఆసిడ్ పోసినప్పుడల్లా అమ్మవారు అలుగుతాంది మీరావలీ!"

"అమ్మా, పసుపుగా ఉంటేనే నీళ్ళు మంచిగా ఉన్నట్టు. ఎరుపొస్తే నీళ్ళు చెడినట్టు. నేనేం చేసేది చెప్పండి."

తొమ్మిదేళ్ళు ఇదే గొడవ. ఆమె ఎరుపు కావాలంటుంది, అతను పసుపే ఉంచుతాడు. ఆమె కోసం ఒక్క శుక్రవారమైనా తన నీళ్ళు చెడగొట్టలేదు. ఆ మొండితనం చూసి నాకే విసుగొచ్చేది. ఆమె ఎర్రనీళ్ళు చూసి సంతోషపడితే నీ సొమ్మేం పోయిందయ్యా అని తిట్టాను కూడా. "అన్నా, తాగే నీళ్ళయినా తాగని నీళ్ళయినా నీళ్ళే కదా" అన్నాడు.

ఇక లాల్బీ. మీరావలి భార్య. ఇరవై ఆరేళ్ళు పలకలకు చెక్క ఫ్రేములు బిగించింది. పొద్దుననుంచి పొద్దుగూకేదాకా నేలమీద, మోకాళ్ళు ముడుచుకుని, పలక తర్వాత పలక. ఎందరు పిల్లలు ఆ పలకలమీద అక్షరాలు దిద్దారో గాని ఆమె మోకాళ్ళు మాత్రం పోయాయి. మంచం దగ్గరనుంచి గుమ్మానికి రావాలంటే పది నిమిషాలు పట్టేది. అన్నిటికన్నా ఆమెకు ఎక్కువ బాధ ఒకటుండేది. నాలుగేళ్ళుగా ఆమె నమాజు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చదువుకునేది. కూర్చుని చదవొచ్చు, తప్పేమీ లేదు, మసీదు పెద్దలు కూడా అదే చెప్పారు. "తప్పు లేదని నాకూ తెలుసన్నా. కానీ నుదురు నేలకు ఆనితే వచ్చే నెమ్మది ఈ కుర్చీకి రాదు" అని ఒకసారి నాతో అంది. చెప్తూ నవ్వింది, కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆదివారాలు గుంటూరునుంచి వచ్చే ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు మీరావలి. ఆపరేషన్ మాటెత్తగానే లాల్బీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. డాక్టరు ఆలోచించి, "అయితే గుండెల లోతు నీళ్ళలో రోజూ నడిపించండి. నీళ్ళలో ఒంటి బరువు మోకాళ్ళ మీద పడదు, కండరాలు గట్టిపడతాయి. మూడు నెలలు వదలకుండా చేయాలి" అన్నాడు.

"గుండెల లోతు నీళ్ళా? యాడున్నాయి సార్?" అన్నాడు మీరావలి.

"దగ్గర్లో ఏదో ఒక కాలవ ఉంటుంది కదా?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీలమీద, చుక్క నీళ్ళు దొరకని హనుమంతునిపాడు నుంచి వచ్చిన వాళ్ళు మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వారట.

మీరావలి వదిలే రకం కాదు. ఇంట్లో రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము ఉంది. దాంట్లో గుండెలదాకా నీళ్ళు పోసి, స్టూలెక్కించి, లాల్బీని దాంట్లో నిలబెట్టి, ఉన్నచోటే నడవమన్నాడు. నాలుగడుగులు వేసేసరికి ఆమె మోకాలు డ్రమ్ముకు అడ్డం పడి ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. పక్కింటివాళ్ళు నలుగురు వచ్చి డ్రమ్మును పక్కకు వంచి, నాలుగు రోజుల కుళాయి నీళ్ళు వీధిపాలు చేసి, ఆమెను బయటికి లాగారు. వారం రోజులు వీధివీధంతా ఇదే మాట.

మరి అంత పూల్ ఎదురుగా పెట్టుకుని అడగలేదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. "తొమ్మిదేళ్ళు ఎవరినీ కాలు పెట్టనియ్యకుండ కర్ర పట్టుకుని కాపలా కాసినోణ్ణి. కిషోర్ బాబు స్నేహితుల్నే తరిమినా. ఇప్పుడు నా పెళ్ళాం కోసం ఏం మొహం పెట్టుకుని అడగాల అన్నా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పంతం అంతటిది అతనిది.

ఆ ఏప్రిల్‌లో ఒక బుధవారం, వోల్టేజీ పడిపోయి పూల్ మోటారు పొగలు కక్కి ఆగిపోయింది. విప్పి చూసిన మెకానిక్ మసిబట్టిన చేతులు తుడుచుకుంటూ, వైండింగ్ మొత్తం పోయింది, ఇట్లాంటి మోటారు ఈ చుట్టుపక్కల దొరకదు అన్నాడు. కిషోర్ ఫోన్ చేస్తే కంపెనీవాళ్ళు వారమన్నారు. తర్వాత ఇంకో వారమన్నారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు.

నీళ్ళు నిలిచిపోయాయి. చంద్రశేఖరరావుకు నిద్ర కరువైంది. గిద్దలూరులో కొత్త షోరూం తెరవడానికి ముహూర్తం దగ్గరపడింది. ఈశాన్యంలో నీళ్ళు కదలకపోతే ఇంకేముంది! పూల్‌కు ఇటొక స్టాండు ఫ్యాను, అటొక స్టాండు ఫ్యాను పెట్టించాడు. వేపాకులు కదిలాయి గాని నీళ్ళు కదల్లేదు. పనివాళ్ళను వరుసగా నిలబెట్టి ఈ చివర ముంచి ఆ చివర పోయించాడు. గంటకు నలుగురూ కూలబడ్డారు. బాతుల్ని వదులుదామని ఎవరో అంటే, అవి అమ్మవారి నీళ్ళ దగ్గర గుడ్లు పెడతాయని సుబ్బలక్ష్మమ్మ కసిరింది. ఆ రోజు నేను ఆసిడ్ డబ్బా దించడానికి పోయి, గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాను. అందరూ కలిసి లక్ష్మీనరసయ్య సిద్ధాంతికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

మీరావలి ముందుకొచ్చాడు. "స్వామీ, మోటారుకు బదులు ఒక మనిషి నీళ్ళల్లో నడిస్తే సరిపోదా?"

సుబ్బలక్ష్మమ్మ ఫోన్‌కు చెవి దగ్గరగా పెట్టింది.

"నడవచ్చు" అన్నాడు సిద్ధాంతి. "సరదాకు నడవకూడదు. పనిమీద నడవాలి. మోటారు సరదాకు తిరుగుతాదా? పని చేసే కాలు కాలు కాదమ్మా, అది యంత్రంతో సమానం. దోషం లేదు."

"మరి నువ్వే దిగు మీరావలీ" అన్నాడు చంద్రశేఖరరావు, ప్రాణం లేచొచ్చి.

"నేను దిగితే గట్టుమీద మందు చూసేదెవరయ్యా? మా ఇంటామె ఉంది. రోజూ వచ్చి నడుస్తాది" అన్నాడు మీరావలి.

నేను అతని ముఖం చూశాను. గుమ్మందాకా నడవడానికి పది నిమిషాలు పట్టే మనిషి! అతను నావైపు చూడలేదు. ఆసిడ్ డబ్బా మూత బిగిస్తూ కూర్చున్నాడు, బిగించిన మూతనే మళ్ళీ మళ్ళీ.

మర్నాడు ఆటోలో తీసుకొచ్చాడు. లాల్బీ ముందే ఇంట్లో స్నానం చేసి, నైలాను పంజాబీ డ్రస్సు వేసుకుని, తలకు గట్టిగా గుడ్డ కట్టుకుని వచ్చింది. నూలు బట్టయితే పోగులు ఊడి, కొత్త మోటారు వచ్చాక ఫిల్టర్లో చిక్కుతాయని మీరావలి షరతు. పెళ్ళామైనా సరే, నీళ్ళు నీళ్ళే. సుబ్బలక్ష్మమ్మ ఆమె కాళ్ళు తనే కడిగించి పసుపు రాయించింది. మూడడుగుల చివర మెట్లమీదనుంచి ఒక్కో కాలు దించింది లాల్బీ. నీళ్ళు నడుము దాటి గుండెలదాకా వచ్చాక ఆగిపోయింది.

"ఏమయింది?" అన్నాడు మీరావలి.

"యా అల్లా! ఈ కాళ్ళు నావి కావు" అంది ఆమె. "ఎవరివో తెచ్చి పెట్టినారు. నొప్పి లేదు."

ఆ తొమ్మిదేళ్ళలో మీరావలి నీళ్ళు ఎవరికైనా పనికొచ్చాయంటే, అదే మొదటిసారి. అతను వల తీసుకుని ఆకులేమీ లేని నీళ్ళలో ఆకులు తీయడం మొదలుపెట్టాడు.

ఆరోజు నుంచి ఆ ఇంట్లో లాల్బీ పేరు మోటారు. ఎవరూ ఎగతాళికి అనలేదు. పాత మోటారు వేళలే ఆమెకూ పెట్టారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ. చంద్రశేఖరరావు దుకాణంనుంచి ఫోన్ చేసి, "మోటారు వేసినారా?" అని అడిగేవాడు. "వేసినాం", "టీ తాగుతాంది", "ఇప్పుడే ఆపినాం" అని జవాబు వచ్చేది. కరెంటు పోయినా తిరిగే మోటారు జిల్లాలో మా ఇంట్లోనే ఉందని ఆయన నాతోనే గొప్పగా చెప్పాడు. షోరూం ముహూర్తం కూడా బాగానే జరిగింది. ఇక ఆ కుటుంబానికి లాల్బీ మీద నమ్మకం గట్టిపడిపోయింది.

సుబ్బలక్ష్మమ్మ గట్టుమీద కుర్చీ వేసుకుని చుట్లు లెక్కపెట్టేది. మొదట్లో, "లాల్బీ, స్పీడు తగ్గింది" అని అధికారం చేసేది. వారం తిరిగేసరికి ఇద్దరికీ మాటలు కలిశాయి. మాటలన్నీ మోకాళ్ళ గురించే. ఆమెకూ రెండు మోకాళ్ళూ వాచి ఉండేవి, ఎవరికీ చెప్పేది కాదు. చిన్నప్పుడు పుట్టింటి దిగుడుబావిలో మొగపిల్లలకన్నా ఎత్తునుంచి దూకేదాన్నని ఒకరోజు లాల్బీతో చెప్పింది. ఆ బావి ఇప్పుడు చెత్తతో పూడిపోయిందట. చెప్పి, నీళ్ళవైపు తిరిగి మళ్ళీ చుట్లు లెక్కపెట్టింది.

రెండు రోజుల తర్వాత కొడుకును పిలిచి, "పాత మోటారు ఎన్ని హార్స్‌పవర్?" అని అడిగింది.

"రెండమ్మా."

"మరి లాల్బీ ఒక్కతే గదా. ఒక హార్స్‌పవర్ తక్కువ పడుతాంది. నీళ్ళు సరిగ్గా తిరగటంలే."

"ఇంకెవరు దిగుతారమ్మా?"

అది గురువారం. సాయంత్రం మీరావలి పోతుంటే వెనకనుంచి, ఎటో చూస్తూ, "రేపు చెంబులో ఎరుపొస్తే బాగుండు నాయనా" అంది.

అరగంటకు అతను నా దుకాణంలో ఉన్నాడు. "గురవయ్యన్నా, సోడా రెండు కిలోలు" అన్నాడు.

నీళ్ళకు సున్నపు గుణం పెంచేది సోడా. మా నీళ్ళలో అది ముందే ఎక్కువ. తొమ్మిదేళ్ళలో అతను ఒక్క గ్రాము కొన్నది లేదు. "ఎందుకు?" అన్నాను.

"నీళ్ళు పులిసినాయి" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

నీళ్ళ విషయంలో మీరావలి చెప్పగా నేను విన్న మొదటి అబద్ధం అదే. అదీ ఎంత చేతకాని అబద్ధమంటే, చెవులదాకా ఎర్రబడిపోయాడు. నేను పొట్లం కట్టి ఇచ్చాను.

శుక్రవారం పొద్దున వెండి చెంబులో పసుపు వేయగానే నీళ్ళు కుంకుమలాగా ఎర్రబడ్డాయి. సుబ్బలక్ష్మమ్మ ఆ చెంబును ఇంటిల్లిపాదికీ చూపించింది. "అమ్మవారు ఒప్పుకుంది" అని, చీర కుచ్చెళ్ళు దోపి, డెబ్భై రెండేళ్ళ మనిషి మెట్లు దిగింది. అమ్మా అమ్మా అని చంద్రశేఖరరావు గట్టుమీద పరిగెత్తాడు. ఆమె లాల్బీ భుజం పట్టుకుని ఐదడుగుల చివరదాకా పోయి, అక్కడ చేయి వదిలేసి, రెండు బారలు ఈత వేసింది. తర్వాత గుర్తొచ్చి, "సరదాకు కాదు, పనిమీదే" అని అందరికీ వినపడేట్టు చెప్పింది. ఆరోజునుంచి రెండు హార్స్‌పవర్లూ సరిపోయాయి.

ఐదు వారాలు గడిచాయి. లాల్బీ ఆటో ఎక్కడం మానేసి నడిచి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో రెండు దిండ్లు వేసుకుని మోకాళ్ళమీద వంగి చూసుకునేది. నుదుటికీ నేలకూ మధ్య జానెడు దూరం. మీరావలి నా దుకాణానికి వచ్చినప్పుడల్లా చేతి వేళ్ళు చాచి ఆ జానెడు చూపించేవాడు. అతనికి వేరే మాట లేదు. "ఇంకా ఇంత ఉందన్నా. ఇంతే."

అప్పుడు కొత్త మోటారు వచ్చింది. చక్కటి ఆకుపచ్చ మోటారు. సద్దు కూడా చేయదు. చంద్రశేఖరరావు లాల్బీకి పట్టుచీర పెట్టి, పూలిచ్చి, చాలా మర్యాదగా డ్యూటీ నుంచి దించేశాడు. పని లేకుండా నీళ్ళలో నడిస్తే దోషం కదా! సుబ్బలక్ష్మమ్మ కూడా మళ్ళీ గట్టుమీదికి వచ్చేసింది. తొమ్మిది రోజులకు లాల్బీ మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. దిండ్లు తీసేసి, ఆ ఎర్ర కుర్చీ మళ్ళీ ముందుకు లాక్కుంది. మీరావలి దుకాణానికి వచ్చాడు గాని వేళ్ళు చాచలేదు. నాకు అన్నం సహించలేదు, నిజం చెప్తున్నాను.

ఆ శుక్రవారం చెంబులో నీళ్ళు పసుపుగానే ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? సుబ్బలక్ష్మమ్మను నీళ్ళలోకి పంపడానికి మీరావలి ఒక్కసారి చెడగొట్టి, ఆ మధ్యాహ్నమే ఆసిడ్ పోసి సరిచేశాడు. అప్పటినుంచి మళ్ళీ పద్ధతిగా ఉంచుతున్నాడు. రెండు హార్స్‌పవర్లు నడిచినన్నాళ్ళూ సుబ్బలక్ష్మమ్మ చెంబు ముట్టలేదు. ఒప్పుకున్న అమ్మవారిని మళ్ళీ మళ్ళీ అడగకూడదంది. ఇప్పుడు చెంబును కొడుకు ముందు పెట్టింది. ఆయన ముఖం పాలిపోయింది.

"మనుషులు నడిచినప్పుడు ఎరుపు. ఇనుము తిరుగుతుంటే పసుపు" అని మాత్రం అంది.

చంద్రశేఖరరావు సిద్ధాంతికి ఫోన్ చేయడానికి లోపలికి పరిగెత్తాడు. గట్టుమీద ఇద్దరే మిగిలారు. ఆమె మీరావలిని దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు సోడా ఎన్ని కిలోలు వేసినావు?"

మీరావలి చేతిలో వల కర్ర జారి నీళ్ళలో పడింది.

"అరవై ఏళ్ళు ఈ ఇంట్లో దిష్టి నీళ్ళు కలిపింది నేనే నాయనా. పసుపు దేనికి ఎర్రబడతాదో నాకు తెలవదా? ఎరుపొస్తే నేను సంతోషపడుతున్నాననుకున్నావు తొమ్మిదేళ్ళు. నీ నీళ్ళు నువ్వు నా కోసం చెడగొడతావా లేదా అని చూసినా. ఒక్కసారి కూడా చెడగొట్టలే. పెళ్ళానికి నీళ్ళలో తోడు దొరుకుతాదంటే మాత్రం చెడగొట్టినావు."

"మీ కోసం కూడా అమ్మా" అన్నాడు అతను. ఇది మాత్రం అబద్ధం కాదు.

"సరే. ఈ వారం చెడగొట్టబాక. పసుపుగానే ఉండనీ. మంచిగా ఉంచు."

ఇదంతా నాకు చెప్తున్నప్పుడు మీరావలి నవ్వు ఆపుకోలేకపోయాడు. తొమ్మిదేళ్ళు ఏ పని చేసినందుకు తిట్లు తిన్నాడో, ఇప్పుడు అదే పనిని మరింత బాగా చేయమంటోంది ఆమె. నీళ్ళు ఎంత బాగుంటే మోటారు మీద అమ్మవారికి అంత కోపం! ఫోన్లో సిద్ధాంతి ఇంకో వారం చూడమన్నాడు. ఆ వారం చేసినంత శ్రద్ధగా మీరావలి ఎప్పుడూ పనిచేయలేదట. తర్వాతి శుక్రవారం చెంబులో నీళ్ళు చామంతి పువ్వులాగా పచ్చగా ఉన్నాయి. చంద్రశేఖరరావు ఇక తట్టుకోలేకపోయాడు. స్పీకర్ ఫోన్లో సిద్ధాంతి గొంతు సవరించుకుని, ప్రాణమున్న చలనం వేరు, ప్రాణం లేని చలనం వేరు అని తేల్చాడు. ఫిల్టర్ కోసం మధ్యాహ్నం ఒక్క గంట మోటారు వేసుకోవచ్చు, అది లెక్కలోకి రాదన్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో లాల్బీ, సుబ్బలక్ష్మమ్మ అసలు మోటార్లు. ఆకుపచ్చ మోటారు స్పేరు. వాళ్ళిద్దరికీ జ్వరమొస్తే తప్ప దానికి పెద్ద పని లేదు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున మీరావలి ముఖం కడుక్కుని ఇంట్లోకి వచ్చేసరికి ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంది. లాల్బీ చాపమీద ఉంది. నుదురు నేలకు ఆని ఉంది. దిండు లేదు. నమాజు అయ్యేదాకా అతను గడపలోనే నిలబడ్డాడు. అయిన తర్వాత కూడా ఆమె తల ఎత్తలేదు. ఏడుస్తోందనుకుని పక్కన కూలబడ్డాడు. ఏడుపు కాదు, కిందికి పోయింది గాని పైకి లేవడం రాలేదు, నవ్వుతోంది. లేపుదామని అతను ప్రయత్నిస్తే, అతని మోకాళ్ళు పట్టేశాయి. ముప్పై ఏళ్ళు నిచ్చెనలెక్కిన మోకాళ్ళు మరి. ఇద్దరూ చాపమీద, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, లేవలేక, పక్కింటివాళ్ళను కేకేశారు. డ్రమ్మునుంచి లాగిన ఆ నలుగురే వచ్చారు.

ఇది నాకు చెప్పిన రోజున మీరావలి ఆ కుర్చీని తలమీద పెట్టుకుని తెచ్చి, నా గల్లాపెట్టె వెనక వేసి, "మా ఇంట్లో దీంతో పని లేదన్నా, నువ్వుంచుకో" అన్నాడు. నేను నా పాత స్టూలు తీసేశాను. ఆ కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను. దాని ఒక కాలు కొంచెం పొట్టి, కింద పలక ముక్క పెట్టాను.